ప్యాకేజీ వెనుక మనిషి

2021 నవంబర్‌లో లైనస్ సెబాస్టియన్ అనే కెనడా యూట్యూబర్ ఒక వీడియో విడుదల చేశాడు. కంప్యూటర్ సామగ్రి గురించి చెప్పే ఆయన చానెల్‌కు కోటిమందికి పైగా చందాదారులున్నారు. విండోస్‌ను పక్కనబెట్టి నెల రోజులపాటు లినక్స్ మీదే ఆటలాడాలని ఆయనా, ఒక సహోద్యోగీ పందెం వేసుకున్నారు. సెబాస్టియన్ ఎంచుకున్నది పాప్ ఓఎస్ అనే లినక్స్. ఆటలు కొనుక్కునే స్టీమ్ అనే ప్రోగ్రామ్‌ను మామూలు దారిలో పెట్టబోతే ఎర్రర్ వచ్చింది. సరేనని టెర్మినల్ తెరిచి కమాండ్ ఇచ్చాడు. తెరమీద పొడవాటి జాబితా దిగింది. ఈ ప్యాకేజీలను తీసేయబోతున్నాం, వీటిలో వ్యవస్థకు అత్యవసరమైనవి ఉన్నాయి, ఏం చేస్తున్నారో కచ్చితంగా తెలిస్తే తప్ప ముందుకు పోవద్దు అని హెచ్చరిక. పోవాలనుకుంటే ఒక వాక్యాన్ని అక్షరం పొల్లుపోకుండా టైప్ చేయమంది. 'అవును, చెప్పినట్టు చెయ్యి!' అన్నది ఆ వాక్యం. సెబాస్టియన్ టైప్ చేశాడు, కంప్యూటర్ చెప్పినట్టే చేసింది. కాసేపటికి డెస్క్‌టాప్ మొత్తం మాయమై, నల్లటి తెరమీద లాగిన్ అడిగే అక్షరాలు మాత్రం మిగిలాయి.

హెచ్చరిక చదవకపోవడం ఆయన తప్పేనని అప్పట్లో చాలామంది తీర్పు చెప్పేశారు. అది సగం సమాధానం కూడా కాదు. ఆటల ప్రోగ్రామ్ ఒకటి పెట్టమంటే డెస్క్‌టాప్‌నే పీకేయాలన్న ఆలోచన కంప్యూటర్‌కు అసలెందుకు వచ్చింది? ఈ ప్రశ్న పట్టుకుని వెళితే, రోజూ కోట్ల యంత్రాల్లో ఎవరి కంటా పడకుండా జరిగే ఒక పెద్ద పని బయటపడుతుంది.

విండోస్‌లో చిరకాలంగా ఉన్న పద్ధతి అందరికీ తెలిసిందే. కావలసిన ప్రోగ్రామ్ కోసం వెబ్‌సైట్ వెతకాలి, ఇన్‌స్టాలర్ దించుకోవాలి, 'నెక్స్ట్, నెక్స్ట్' నొక్కాలి. ప్రతి ప్రోగ్రామూ తన అప్‌డేట్ తానే చూసుకుంటుంది, లేదా ఎవరూ చూసుకోరు. లినక్స్ పంపిణీలు వేరే దారి పట్టాయి. డెబియన్ అనే పంపిణీనే తీసుకుందాం. 2025 ఆగస్టు 9న వచ్చిన దాని 13వ విడుదలలో దాదాపు 70 వేల ప్యాకేజీలున్నాయి. ఆఫీసు పనికి లిబ్రే ఆఫీస్, బొమ్మలు దిద్దడానికి గింప్, సర్వర్ల కోసం అపాచీ, ఖగోళ శాస్త్రవేత్తల లెక్కల పరికరాలు, పిల్లల ఆటలు, తెలుగు ఫాంట్లు, అన్నీ ఒకే రిపాజిటరీలో, అంటే ఒకే గోదాములో ఉంటాయి. రాసినవాళ్లు వేరే ఎవరైనా, ప్రతి ప్రోగ్రామ్‌నూ పరిశీలించి, డెబియన్‌కు సరిపడేలా సర్ది, ప్యాకేజీగా కట్టి, దాని బాగోగులు చూసే మెయింటెయినర్ ఒకరుంటారు. వీరిలో ఎక్కువమంది స్వచ్ఛంద సేవకులు.

ప్యాకేజీలు ఒంటరిగా బతకవు. వీడియో చూపించే ప్రోగ్రామ్‌కు వీడియోను విప్పే లైబ్రరీ (ప్రోగ్రామ్‌లు పంచుకునే కోడ్) కావాలి, శబ్దానికి ఇంకోటి కావాలి, తెరమీద గీయడానికి మరోటి కావాలి. ఆ లైబ్రరీలకు మళ్లీ వేరేవి కావాలి. ఇదంతా ప్రతి ప్యాకేజీ తన వివరాల్లో రాసిపెట్టుకుంటుంది. ఇవి తప్పనిసరి, ఇవి ఉంటే మంచిది, ఫలానాదానితో పొసగదు, ఫలానా వెర్షన్ కంటే పాతదైతే పనికిరాదు, ఇది లేకపోతే అది చాలు అన్నట్టుగా. ప్యాకేజీ మేనేజర్ వీటన్నిటినీ చదివి, ఏ నియమమూ తప్పని ఒక కూర్పును వెతకాలి. వినడానికి తేలిగ్గా ఉంటుంది. యూరప్‌లోని పరిశోధకులు ఈడీఓఎస్ అనే ప్రాజెక్టులో ఈ సమస్యను గణితంగా పరిశీలించి, ఒక ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేయడం సాధ్యమా కాదా అని తేల్చడమే ఎన్పీ-కంప్లీట్ తరగతి సమస్య అని 2006లో చూపించారు. ప్రతి సందర్భంలోనూ త్వరగా తేల్చగలిగే పద్ధతి ఎవరికీ తెలియని సమస్యల కుటుంబం అది. అయినా మన కంప్యూటర్లు ఈ పనిని రెండు మూడు క్షణాల్లో ముగిస్తున్నాయంటే, మెయింటెయినర్లు నియమాలను ఆలోచించి రాయడం, మరీ చిక్కుముళ్లు పడకుండా చూడడం అందుకు పెద్ద కారణం.

ఒక్కోసారి చిక్కు పడుతుంది. స్టీమ్‌కు 32 బిట్ల లైబ్రరీలు కావాలి. మిగతా వ్యవస్థ అంతా 64 బిట్లది. ఒకే లైబ్రరీకి చెందిన ఈ రెండు రూపాలూ పక్కపక్కన ఉండాలంటే వెర్షన్లు అచ్చంగా ఒకటే కావాలి. సెబాస్టియన్ కమాండ్ ఇచ్చిన ఆ రోజుల్లో పాప్ ఓఎస్ రిపాజిటరీలో ఈ పొంతన తప్పింది. స్టీమ్‌ను ఎలాగైనా పెట్టమన్నది ఆజ్ఞ. దాన్ని నెరవేర్చే కూర్పు కోసం ఆప్ట్ అనే ప్యాకేజీ మేనేజర్ వెతికింది. డెస్క్‌టాప్‌ను తీసేస్తే లెక్క కుదిరింది. నియమాల ప్రకారం అది సరైన జవాబే, మనిషి దృష్టిలో ఘోరమైన జవాబు. ఆప్ట్ రూపకర్తలు ఆ నెలలోనే కొత్త వెర్షన్ తెచ్చి, అత్యవసర ప్యాకేజీలను పీకేసే దారిని ఆ వాక్యంతో తెరుచుకోనివ్వకుండా మూసేశారు. తప్పును వాడకందారు మీదికి నెట్టి ఊరుకోకుండా పనిముట్టునే దిద్దడం మెచ్చుకోవలసిన సంగతి.

ఈ వ్యవస్థ ఒక్కరోజులో పుట్టలేదు. 1993 ఆగస్టు 16న అమెరికాలోని పర్‌డ్యూ విశ్వవిద్యాలయంలో చదువుతున్న ఇయాన్ మర్డాక్ డెబియన్‌ను ప్రకటించారు. అంతవరకు లినక్స్ అంటే ఎవరికి తోచినట్టు వారు కూర్చుకున్న మూట. అందరూ కలిసి బాధ్యతగా కట్టే వ్యవస్థ కావాలన్నది ఆయన కోరిక. వేర్వేరు ఊళ్లలో, వేర్వేరు దేశాల్లో ఉన్నవాళ్లు విడివిడిగా పనిచేసి, ఆ ముక్కలు చివరికి అతకాలంటే ప్యాకేజీ అనే కొలత తప్పనిసరి. అలా డీపీకేజీ అనే పనిముట్టు వచ్చింది. మొదట మామూలు షెల్ స్క్రిప్టుగా ఉన్నదాన్ని పెర్ల్‌లోకి మార్చారు, ఆ తర్వాత 1994లో ఇయాన్ జాక్సన్ సీ భాషలో తిరగరాశారు. అదే వంశం ఇప్పటికీ నడుస్తోంది. అయితే డీపీకేజీ చేతికిచ్చిన ప్యాకేజీని విప్పిపెడుతుందే తప్ప, లేనివాటిని వెతికి తేదు. ఒక ప్యాకేజీ పెట్టబోతే మరోటి కావాలంటుంది, అది తెస్తే ఇంకో రెండు కావాలంటుంది. ఆనాటి వాడకందారులు దీన్ని 'డిపెండెన్సీ నరకం' అని తిట్టుకున్నారు. 1999 మార్చిలో వచ్చిన డెబియన్ 2.1తో ఆప్ట్ అందుబాటులోకి వచ్చాక ఆ నరకం చాలావరకు తగ్గింది. రెడ్ హ్యాట్ కుటుంబంలో డీపీకేజీ పనిని ఆర్పీఎం చేస్తుంది, ఆప్ట్ పనిని ఒకప్పుడు యమ్ చేసేది, ఇప్పుడు డీఎన్ఎఫ్ చేస్తోంది.

ప్యాకేజీని విప్పి చూడడం ఎవరైనా చేయగలిగిన పని. తెలుగువారికి దగ్గరిదే తీసుకుందాం. డెబియన్‌లో ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా అనే ప్యాకేజీ ఉంది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు అందులో ఉంటాయి. గిడుగు, గురజాడ, సూరన్న, తిమ్మన వంటి పేర్లున్న ఫాంట్ల గుత్తి తెలుగువిజయం పేరుతో వేరే ప్యాకేజీగా దొరుకుతుంది. ఫైలు పేరు చివర 'డెబ్' అని ఉన్నా, అది నిజానికి యూనిక్స్ తొలినాళ్ల నుంచి ఉన్న ఏఆర్ అనే పద్ధతిలో కట్టిన మూటే. విప్పితే మూడు ఫైళ్లు బయటికి వస్తాయి. మొదటిదాంట్లో '2.0' అన్న అక్షరాలు తప్ప ఏమీ ఉండదు, అది మూట కట్టిన పద్ధతి వెర్షన్. రెండోదాంట్లో పేరు, వెర్షన్, మెయింటెయినర్ పేరు, ఈమెయిల్, డిపెండెన్సీలు, నాలుగు మాటల్లో వివరణ ఉంటాయి. మూడోదాంట్లో అసలు సరుకు, అంటే ఫాంటు ఫైళ్లు, డిస్కు మీద ఎక్కడ ఉండాలో అదే డైరెక్టరీల వరుసలో ఉంటాయి. ఫాంటు కాబట్టి 32 బిట్లకూ 64 బిట్లకూ ఒకటే ప్యాకేజీ. ఇన్‌స్టాల్ కాగానే కొత్త ఫాంట్లు వచ్చాయన్న కబురు ఫాంట్ల పట్టిక నడిపే ప్యాకేజీకి అందుతుంది. ఒకేసారి ఇరవై ఫాంటు ప్యాకేజీలు పెట్టినా, అన్నీ పూర్తయ్యాక ఆ పట్టిక ఒక్కసారే తయారవుతుంది. లిబ్రే ఆఫీస్‌లో పోతన పేరు కనబడేది అప్పుడే.

ఇక అప్‌డేట్ సంగతి. ఆప్ట్‌లో అప్‌డేట్, అప్‌గ్రేడ్ అని రెండు కమాండ్లున్నాయి. కొత్తవాళ్లు వీటి దగ్గర తడబడతారు. అప్‌డేట్ అన్నది ఒక్క ప్రోగ్రామ్‌నూ మార్చదు, రిపాజిటరీలో ఏ ప్యాకేజీకి ఏ వెర్షన్ ఉందో ఆ జాబితాను తాజాగా తెచ్చుకుంటుంది. అప్‌గ్రేడ్ ఆ జాబితాతో మన యంత్రంలో ఉన్నవాటిని పోల్చి కొత్తవి తెచ్చి పెడుతుంది. మొదటిది చేయకుండా రెండోది చేస్తే పాత జాబితాతోనే సరిపెట్టుకుంటుంది, కొత్త ప్యాచ్ వచ్చిందన్న సంగతే దానికి తెలియదు.

ఈ జాబితా ప్రపంచమంతా ఉన్న మిర్రర్ సర్వర్ల నుంచి, అంటే రిపాజిటరీ నకళ్లు ఉంచే సర్వర్ల నుంచి వస్తుంది. విశ్వవిద్యాలయాలు, ఇంటర్నెట్ సంస్థలు, ఎవరైనా మిర్రర్ నడపవచ్చు. మరి ఆ మిర్రర్ నడిపేవాడే మోసగాడైతే? దారి మధ్యలో ఎవరైనా ప్యాకేజీని మార్చేస్తే? అందుకే డెబియన్ మిర్రర్‌ను అసలు నమ్మదు. రిపాజిటరీ పైన 'రిలీజ్' అనే చిన్న ఫైలు ఉంటుంది, దానిమీద డెబియన్ డిజిటల్ సంతకం ఉంటుంది. ఆ ఫైల్లో ప్యాకేజీల జాబితాకు సంబంధించిన ఎస్‌హెచ్ఏ-256 హ్యాష్, అంటే వేలిముద్ర లాంటి సంఖ్య ఉంటుంది. ఆ జాబితాలో ఒక్కో ప్యాకేజీ హ్యాష్ ఉంటుంది. ప్యాకేజీలో ఒక్క బిట్ మారినా హ్యాష్ మారిపోతుంది, ఆప్ట్ దాన్ని తిప్పికొడుతుంది. సంతకం సరిచూసే తాళంచెవి వ్యవస్థ ఇన్‌స్టాల్ అయినప్పుడే యంత్రంలోకి వచ్చి ఉంటుంది. సంతకం ఉన్న పాత జాబితానే మళ్లీ మళ్లీ చూపించి, కొత్త ప్యాచ్‌లు రాకుండా తొక్కిపెట్టే మోసం కూడా ఒకటుంది. దాన్ని ఆపడానికి సంతకమున్న ఆ ఫైల్లోనే గడువు తేదీ వేసే ఏర్పాటు చేశారు.

ఇంత కట్టుదిట్టంలోనూ 2019 జనవరిలో ఒక చిల్లు దొరికింది. మాక్స్ జస్టిజ్ అనే పరిశోధకుడు ఆప్ట్‌లోనే, సర్వర్ ఇచ్చే దారి మళ్లింపును అది చదివే తీరులో పొరపాటు ఉందని కనిపెట్టాడు. దారి మధ్యలో కూర్చున్నవాడు ఆ పొరపాటును వాడుకుని తన ప్యాకేజీని అసలుదిగా నమ్మించవచ్చు. అప్‌డేట్ చేసే పనిముట్టులోనే లోపముంటే ఆ పనిముట్టును అప్‌డేట్ చేయడమెలా? డెబియన్ భద్రతా బృందం దారి మళ్లింపును పూర్తిగా ఆపేసే ఒక ఐచ్ఛికంతో ఆ ఒక్కసారికి కమాండ్ ఎలా ఇవ్వాలో ప్రకటనలోనే రాసి ఇచ్చింది.

అప్‌గ్రేడ్ జరిగేటప్పుడు యంత్రం లోపల ఏం జరుగుతుందో చూడడం బాగుంటుంది. డీపీకేజీ కొత్త ఫైలును మొదట వేరే పేరుతో పక్కన పెడుతుంది, అంతా సవ్యంగా వచ్చాక ఒక్క దెబ్బతో పాత పేరుకు మారుస్తుంది. అందువల్ల కరెంటు పోయినా సగం పాతా సగం కొత్తా కలిసిన ఫైలు మిగిలే అవకాశం చాలా తక్కువ. ఆ క్షణంలో నడుస్తున్న ప్రోగ్రామ్‌లు తాము అప్పటికే తెరిచి పట్టుకున్న పాత ఫైలుతోనే పని కొనసాగిస్తాయి. అందుకే లినక్స్‌లో పని చేసుకుంటూనే అప్‌గ్రేడ్ చేయవచ్చు. అందుకే, ప్రోగ్రామ్‌ను మూసి తెరిచేదాకా కొత్త ప్యాచ్ దానికి అంటదు కూడా. ఈ రెండో సంగతి చాలామందికి తెలియదు. అప్‌గ్రేడ్ చేసి రీస్టార్ట్ చేయని సర్వర్ డిస్కు మీద ఆరోగ్యంగా ఉంటుంది, మెమరీలో జబ్బుతోనే ఉంటుంది.

కాన్ఫిగరేషన్ ఫైళ్ల విషయంలో మరింత జాగ్రత్త కనిపిస్తుంది. ప్యాకేజీతో వచ్చిన ఫైలు ఎలా ఉండేదో డీపీకేజీ గుర్తు పెట్టుకుంటుంది. కొత్త వెర్షన్ వచ్చినప్పుడు మూడింటిని పోలుస్తుంది: అప్పుడు వచ్చింది, ఇప్పుడు డిస్కు మీద ఉన్నది, కొత్తగా వచ్చేది. వాడకందారు దాన్ని ముట్టుకోలేదా, నిశ్శబ్దంగా కొత్తది పెట్టేస్తుంది. వాడకందారు మార్చుకున్నాడు కానీ ప్యాకేజీలో మార్పేమీ లేదా, ఆయన రాసుకున్నదాన్ని ముట్టుకోదు. ఇద్దరూ మార్చితేనే ఆగి అడుగుతుంది. ఊరికే ఎంటర్ నొక్కితే వాడకందారు రాసుకున్నదే ఉంటుంది. యంత్రం ఎవరిదో వారి మాటే నెగ్గాలన్న మర్యాద ఇందులో ఉంది.

2014 ఏప్రిల్ 7న ఈ వ్యవస్థకు పెద్ద పరీక్ష వచ్చింది. ఇంటర్నెట్‌లో రహస్య సంభాషణకు వాడే ఓపెన్ ఎస్ఎస్ఎల్ లైబ్రరీలో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడింది. గూగుల్‌లో పనిచేసే నీల్ మెహతా, కోడెనోమికాన్ అనే ఫిన్లాండ్ సంస్థ ఇంజనీర్లు దాన్ని విడివిడిగా కనిపెట్టారు. లోపమున్న సర్వర్‌ను చిన్న ప్రశ్న అడిగితే, మెమరీలో పక్కనున్న సమాచారాన్ని ఒక్కో దఫా 64 కిలోబైట్ల దాకా కక్కేస్తుంది. అందులో పాస్‌వర్డులుండవచ్చు, సర్వర్ రహస్య తాళంచెవే ఉండవచ్చు. డెబియన్ ఆ రోజే దిద్దిన ప్యాకేజీ విడుదల చేసింది. ఊరంతా నీళ్లు తాగే చెరువు ఒకటే అయితే దాన్ని బాగుచేయడంతో అందరికీ మంచినీరు అందినట్టు, ఆ ఒక్క లైబ్రరీ ప్యాకేజీ మారడంతో వెబ్ సర్వర్, మెయిల్ సర్వర్, డేటాబేస్, దాన్ని వాడుకునే ప్రోగ్రామ్‌లన్నీ రీస్టార్ట్‌తో బాగుపడ్డాయి. ప్రతి ప్రోగ్రామూ ఆ లైబ్రరీ ప్రతిని తనలో కలిపేసుకుని ఉంటే, అన్నిటినీ ఒక్కొక్కటిగా మార్చవలసి వచ్చేది. కంటైనర్లలో, మొబైల్ యాప్‌లలో ఈ రోజు ఆ సమస్యే ఉంది.

అప్పుడు చాలామంది సర్వర్ నిర్వాహకులు కంగారుపడ్డ విషయం ఇంకోటి. ఓపెన్ ఎస్ఎస్ఎల్ రూపకర్తలు లోపాన్ని 1.0.1g వెర్షన్‌లో దిద్దారు. డెబియన్ 7 వాడేవాళ్లు అప్‌గ్రేడ్ అయ్యాక చూస్తే మాత్రం '1.0.1e-2+deb7u5' అని కనిపించింది. పాతదే ఇచ్చారేమోనని అనుమానం. నిజానికి ఆ పేరును ముక్కలు చేసి చదవాలి. 1.0.1e అన్నది అసలు రూపకర్తల వెర్షన్. 2 అన్నది డెబియన్ చేసిన కూర్పు సంఖ్య. deb7u5 అంటే డెబియన్ 7 కోసం చేసిన అయిదో దిద్దుబాటు. స్థిరమైన విడుదలలో కొత్త వెర్షన్ తేవడమంటే కొత్త సౌకర్యాలతో పాటు కొత్త ఇబ్బందులను కూడా తేవడమే. అందువల్ల డెబియన్ భద్రతా బృందం లోపాన్ని దిద్దే నాలుగు పంక్తులను మాత్రం విడదీసి, పాత వెర్షన్‌కు అతికిస్తుంది. సర్వర్ నడిపేవాడికి నిన్న ఎలా పనిచేసిందో నేడూ అలాగే పనిచేస్తుంది, చిల్లు మాత్రం పూడుతుంది. వెర్షన్ నంబరు చూసి 'పాత సాఫ్ట్‌వేర్' అని వంకపెట్టే తనిఖీ పరికరాలు ఇప్పటికీ ఇక్కడే పొరబడుతుంటాయి.

మధ్యలో ఉన్న మనిషి, అంటే మెయింటెయినర్, రక్షకుడే కాదు, పొరపాటు కూడా చేయగలడు. 2006 సెప్టెంబర్‌లో అదే ఓపెన్ ఎస్ఎస్ఎల్ ప్యాకేజీలో, కోడ్‌ను పరీక్షించే వాల్‌గ్రైండ్ అనే పనిముట్టు ఇస్తున్న హెచ్చరికలను ఆపడానికి రెండు పంక్తులను తీసేశారు. వాటిలో ఒకటి, రహస్య తాళంచెవులకు కావలసిన యాదృచ్ఛికతను కూర్చే పంక్తి. అది పోవడంతో తాళంచెవి తయారీలో మారేది ప్రాసెస్ నంబరు ఒక్కటే. ఒక్కో రకం యంత్రం మీద, ఒక్కో సైజులో, మొత్తం 32,768 తాళంచెవులే సాధ్యం. ఒక మామూలు కంప్యూటర్ వాటన్నిటినీ ముందే తయారు చేసి పెట్టుకోగలదు. లూసియానో బెల్లో అనే డెబియన్ డెవలపర్ కనిపెట్టి, 2008 మే 13న ప్రకటన వెలువడే దాకా, ఇరవై నెలలు ఇది సాగింది. ఉబుంటు కూడా డెబియన్ నుంచే ప్యాకేజీలు తీసుకుంటుంది కాబట్టి దానికీ సోకింది. ఈసారి అప్‌గ్రేడ్ చేస్తే సరిపోలేదు, ఆ కాలంలో తయారైన తాళంచెవులన్నిటినీ పారేసి కొత్తవి చేసుకోవలసి వచ్చింది. బలహీనమైన తాళంచెవుల జాబితానే ఒక ప్యాకేజీగా కట్టి పంపారు. లోపాన్ని దాచకుండా బహిరంగంగా ప్రకటించడం ఒక్కటే ఈ ఉదంతంలో ఊరట.

పదహారేళ్ల తర్వాత జరిగింది పొరపాటు కాదు, పథకం.

2024 మార్చి చివరలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే మైక్రోసాఫ్ట్ ఇంజనీర్ డెబియన్ అస్థిర రూపమైన 'సిడ్' మీద పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వేగాన్ని కొలుస్తున్నారు. డెబియన్ విడుదలలకు టాయ్ స్టోరీ సినిమా పాత్రల పేర్లు పెడతారు. ఆ సినిమా తీసిన పిక్సార్‌లో పనిచేసిన బ్రూస్ పెరెన్స్ ఒకప్పుడు డెబియన్ నాయకుడు. ఆ సినిమాలో బొమ్మలు విరగ్గొట్టే పిల్లాడు సిడ్. కొత్త ప్యాకేజీలన్నీ మొదట అక్కడికే వస్తాయి, కొన్ని రోజులు పెద్ద బగ్‌లేవీ రాకపోతే 'టెస్టింగ్'కు, రెండేళ్లకోసారి అక్కడి నుంచి 'స్టేబుల్'కు చేరతాయి. ఫ్రాయిండ్ యంత్రంలో దూరపు లాగిన్లను చూసే ఎస్ఎస్‌హెచ్ ప్రోగ్రామ్ అంతకుముందు 0.3 సెకన్లలో ముగించే పనికి 0.8 సెకన్లు తీసుకుంటోంది. అర సెకను తేడా. మామూలు మనిషి గమనించడు, గమనించినా పట్టించుకోడు. ఆయన తవ్వుకుంటూ వెళ్లారు. చివరికి దారి ఎక్స్‌జడ్ అనే, ఫైళ్లను కుదించే లైబ్రరీ దగ్గర తేలింది.

ఎస్ఎస్‌హెచ్‌కూ ఫైళ్ల కుదింపుకూ ఏం సంబంధం? అసలు రూపకర్తలు రాసిన ఎస్ఎస్‌హెచ్‌లో ఏ సంబంధమూ లేదు. డెబియన్, ఫెడోరా వంటి పంపిణీలు అది యంత్రంలోని సేవలను నడిపే సిస్టమ్‌డీతో మాట్లాడేందుకు చిన్న మార్పు చేశాయి. సిస్టమ్‌డీ లైబ్రరీకి ఎక్స్‌జడ్ లైబ్రరీ కావాలి. రెండు లింకుల అవతల ఉన్న దాన్ని ఎవరు కాపలా కాస్తారు? ఎక్స్‌జడ్‌ను ఏళ్ల తరబడి లాస్సే కొలిన్ అనే ఫిన్లాండ్ ప్రోగ్రామర్ తన ఖాళీ సమయంలో, జీతం లేకుండా నడిపారు. పనులు ఆలస్యమవుతున్నాయని, ఇంకెవరికైనా అప్పగించమని ఎవరో తెలియని ఖాతాలు ఆయనను సతాయించాయి. ఆ సమయంలోనే జియా టాన్ పేరుతో ఒకరు సాయానికి వచ్చారు, రెండేళ్లకు పైగా బుద్ధిగా పనిచేసి నమ్మకం సంపాదించారు, విడుదలలు చేసే అధికారం అందుకున్నారు. 5.6.0, 5.6.1 వెర్షన్లలో, పరీక్ష కోసం పెట్టిన ఫైళ్ల ముసుగులో ఒక దొంగదారి దాచారు. దాన్ని అమర్చే మీట అందరూ చూసే సోర్స్ కోడ్ భాండాగారంలో లేదు, విడుదల కోసం కట్టిన మూటలో మాత్రం ఉంది. ఆ దారి తాళంచెవి ఉన్నవాడు పాస్‌వర్డు లేకుండానే యంత్రంలోకి దూరగలడు. ఆ పేరు వెనుక ఎవరున్నారో నేటికీ బయటపడలేదు.

మార్చి 29న ఫ్రాయిండ్ దీన్ని ప్రపంచానికి చెప్పారు. తీవ్రతకు 10కి 10 మార్కులు పడ్డాయి. డెబియన్ స్టేబుల్‌లోకి అది ఇంకా రాలేదు. సిడ్, టెస్టింగ్‌లు, ఫెడోరా ముందస్తు రూపాలు, ఇలా కొన్ని చోట్ల మాత్రం చేరింది. ఉబుంటు తన 24.04 బీటాను వారం వాయిదా వేసి, అనుమానమున్న కాలంలో తయారైన ప్యాకేజీలన్నిటినీ మళ్లీ తయారు చేసింది. డెబియన్ చేసిన పని ఈ వ్యవస్థ స్వభావాన్ని చక్కగా చూపిస్తుంది. పాత మంచి వెర్షన్ 5.4.5. కానీ ప్యాకేజీ మేనేజర్‌కు ముందుకు నడవడమే తెలుసు. 5.6.1 ఉన్న యంత్రానికి 5.4.5 అప్‌గ్రేడ్‌గా కనిపించదు. అందుకని పాత కోడ్‌కే '5.6.1+really5.4.5-1' అని పేరు పెట్టి పంపారు. సంఖ్య ప్రకారం కొత్తది, సరుకు ప్రకారం పాతది. ఆ వింత పేరును చూసిన యంత్రాలన్నీ మామూలు అప్‌గ్రేడ్ అనుకుని దాన్ని స్వీకరించాయి.

ప్యాకేజీల్లో కల్తీని పట్టడానికి 2013 నుంచి డెబియన్‌లో రీప్రొడ్యూసిబుల్ బిల్డ్స్ అనే కృషి సాగుతోంది. ఒకే సోర్స్ నుంచి ఎవరు ఎక్కడ ప్యాకేజీ తయారు చేసినా బిట్‌కు బిట్ ఒకటే రావాలన్నది లక్ష్యం. అప్పుడు ప్యాకేజీ తయారు చేసిన యంత్రంలో ఎవరైనా కల్తీ చేస్తే దొరికిపోతారు. ఎంతో విలువైన పని ఇది. అయితే ఎక్స్‌జడ్‌లో విషం కలిసింది సోర్స్ మూటలోనే. ఆ మూటను ఎందరు ఎన్నిసార్లు తయారు చేసినా అదే విషం అచ్చంగా వచ్చేది. సంతకాలు, హ్యాష్‌లు, గడువు తేదీలు సరుకు దారిలో మారలేదని చెబుతాయి. సరుకు మంచిదా కాదా అన్నది చదివి, ప్రశ్నించి చెప్పవలసింది మనుషులే. అలాంటి మనుషులు కావలసినంతమంది లేరు.

డెబియన్ ఈ కొరతను దాచుకోదు. చూసేవారు లేని ప్యాకేజీలకు 'అనాథ' అని గుర్తు పెట్టి బహిరంగ జాబితాలో ఉంచుతుంది. హౌ-కెన్-ఐ-హెల్ప్ అనే చిన్న ప్యాకేజీ ఒకటుంది. దాన్ని పెట్టుకుంటే, ఆప్ట్ పని ముగిసిన ప్రతిసారీ ఆ యంత్రంలోనే ఉన్న ప్యాకేజీల్లో ఏవి అనాథలయ్యాయో, వేటికి సాయం కావాలో, ఏ బగ్‌లు కొత్తవాళ్లు చేపట్టడానికి అనువైనవో చూపిస్తుంది. డెబియన్ డెవలపర్ల వార్షిక సమావేశం 2023 సెప్టెంబర్‌లో కొచ్చిలో జరిగింది, అంటే ఆ సముదాయం మనకు మరీ దూరమేమీ కాదు. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం కాలేజీల్లో కంప్యూటర్ సైన్సు చదువుతూ లినక్స్ వాడుతున్న విద్యార్థులు ఈ రాత్రే అప్‌డేట్, అప్‌గ్రేడ్ చేసి, యంత్రాన్ని రీస్టార్ట్ చేసి, ఆ ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేయండి. అది చూపించే జాబితాలో మీరు రోజూ వాడే పేరు కనిపిస్తే, దాని బగ్ రిపోర్టులు తెరిచి చదవడంతో మొదలుపెట్టండి.